లెక్కలోకి రాని నెల

"నువ్వే ఎంచుకో బిడ్డా. నాకు కండ్లు సక్కగ కానస్తలెవ్," అంది బుచ్చవ్వ.

డిటెక్టివ్ అంబదాస్ మాస్కును గడ్డం కిందికి లాగి తలుపు చెక్క మీదికి వంగాడు. సున్నంతో పెట్టిన చుక్కలు. ఒక్కొక్క దాని మీద వేలు పెట్టుకుంటూ పోయాడు. ఎనిమిది.

"ఇవి దేని లెక్క అవ్వా?"

"కోడలు ఆఖరుపారి ముట్టయి తలకు పోసుకున్నది శ్రావణమాసం అమాస ఎల్లిన తెల్లారి. అటెన్క అమాస అమాసకు ఒక చుక్క పెట్టిన. సాలోళ్ళం గదా, అమాసనాడు మగ్గం ముట్టం. కండె సుత చుట్టం. ఖాళీగ కూసుంట, గప్పుడు పెడ్త."

"అంటే ఎనిమిది నిండి తొమ్మిది పడంగ పుట్టిండు నీ మనుమడు."

"గంతే. పోలీసోళ్ళకు సుత గదే చెప్పిన. ఏలిముద్ర ఏసిన."

అంబదాస్ జేబులోంచి కాన్పు నాడు ఆస్పత్రి ఇచ్చిన చీటీ తీసి మళ్ళీ చదివాడు. అందులో ముప్ఫై తొమ్మిది వారాలు అని ఉంది. అంటే తొమ్మిది నెలలు నిండినట్టే. ఎనిమిది నెలలకే పుట్టిన వాణ్ణి తొమ్మిది నిండాయని ఎందుకు రాశారు?

సూరత్‌లో బమ్రోలి రోడ్డు మీది ఆ ప్రైవేటు ఆస్పత్రిలో ఏడాదిగా ఒక పరిశోధన నడుస్తోంది. కడుపులో ఉన్న నెలలకు తగ్గ బరువు లేకుండా పుట్టిన పిల్లల మీద. సగం మందికి మామూలు పాలు. సగం మందికి ఒక కంపెనీ తయారు చేసిన కొత్త పొడి కలిపిన పాలు. ఎవరెంత పెరిగారో రోజూ తూచి రాస్తారు. అక్కడ పిల్లలకు పేర్లుండవు, నంబర్లే. బుచ్చవ్వ మనుమడు ఇరవై మూడో నంబరు. మే ఇరవైన పుట్టాడు. జూన్ ఒకటిన కోవిడ్‌తో పోయాడని చెప్పి, ముఖమైనా చూపించకుండా, జిప్పు సంచిలో పెట్టి ఆస్పత్రి వాళ్ళే పూడ్చి వచ్చారు. వాడి గుర్తుగా ఇంటివాళ్ళకు మిగిలింది ఒక కాగితం. చనిపోయాక గుర్తు కోసం ఇంకుతో తీసిన రెండు పాదాల ముద్ర.

ఇవాళ జూన్ ఐదు.

మూలన కూర్చున్న బుచ్చవ్వ కోడలు హారతి ముందుకు జరిగింది. కాన్పు అయిన సాయంత్రమే ఆమెకు పాజిటివ్ వచ్చింది. పన్నెండు రోజులు కొడుకును చూడనివ్వలేదు. ఇప్పుడు కూడా ఆమె జాకెట్టు పాలతో తడిసే ఉంది.

"కాకా," అంది. "గా కాగితం మీది కాళ్ళు నా కొడుకువి కావు."

"ఎట్ల జెప్తవ్ బిడ్డా?"

"పుట్టంగనే నా పొట్ట మీద పెట్టిండ్రు. ఒక్క నిమిషమే. బక్కగ, ఎముకల మీద తోలు లెక్క ఉండె. అరికాలు చూసిన. మడిమె దాంక ముడతలే ముడతలు, ముసలోని లెక్క. గీ కాగితం చూడు. మడిమె మీద ఒక్క గీతన్న ఉన్నదా?"

లేదు. ముందు వైపు రెండు మూడు సన్నని గీతలు. మడమ నున్నగా, నల్లగా అచ్చుపడింది.

"పోలీసులకు చెప్పినవా?"

"చెప్పిన. పాలు తలకెక్కినయ్ అన్నరు." ఆమె తల పక్కకు తిప్పుకుంది. "నా కొడుకు ఉన్నడా, పోయిండా? గదొక్కటి తెల్సుకరా కాకా. పోయిండంటే ఏడుస్త. గిట్ల నడుమల ఉండుడు నాతోని గాదు."

కొడుకు ఫైలు చూడ్డానికి ఆమె సంతకం పెట్టిన అర్జీ, ఆ పాదముద్ర కాగితం తీసుకుని అంబదాస్ బయటపడ్డాడు. ఆస్పత్రి ముందే టైము ఇచ్చింది. మధ్యాహ్నం రెండున్నర నుంచి మూడు దాకా. ఒక్క నిమిషం ఎక్కువ లేదు.

* * *

"రా భాయ్, ఏడో క్లాసూ!"

రెండో అంతస్తులో పరిశోధన గది తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు ఉమాకాంత్. ఆస్పత్రి విజిలెన్స్ ఆఫీసర్. పదేళ్ళ కింద పర్వత్ పాటియా బట్టల మార్కెట్లో ఇద్దరూ ఒకే సెక్యూరిటీ కంపెనీలో చేశారు. ఉమాకాంత్‌కి డిగ్రీ ఉంది కాబట్టి కుర్చీ ఇచ్చారు. అంబదాస్ బడి ఏడులో మానేశాడు కాబట్టి గేటు ఇచ్చారు. దొంగల్ని పట్టింది గేటు, ప్రమోషన్ వచ్చింది కుర్చీకి.

"గేటు కాడ నిలబడెటోనివి. గిప్పుడు డాక్టర్ల ఫైళ్ళు సదువుతనంటున్నవ్. ఇంగ్లీషుల ఉంటయి మల్ల."

"అంకెలు ఏ భాషలున్నా అంకెలే ఉమాకాంత్. జర పక్కకు జరుగు."

గది చిన్నది. ఒక బల్ల, దాని మీద పిల్లల్ని తూచే మిషన్, ఇంకు పలక, రిజిస్టరు. గోడకు ఫైళ్ళ అర. ఎదురుగా అద్దం కిటికీ, దాని వెనక పిల్లల వార్డు. బల్ల వెనక ఒకమ్మాయి చేతులు కట్టుకుని నిలబడింది. పేరు సుమన. ఇరవై నాలుగేళ్ళు. పిల్లల్ని తూచేదీ, రాసేదీ, ఇళ్ళకు తిరిగి తల్లుల దగ్గర వివరాలు రాసుకునేదీ ఆమే. సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగులో హిందీ, గుజరాతీ కలిసిపోతాయి.

అంబదాస్ ఇరవై మూడో నంబరు ఫైలు తెరిచాడు. రెండు నలభై. మొదటి కాగితం, రెండో కాగితం. మూడోది లేదు. పిన్ను గుచ్చిన రంధ్రాలు మాత్రం ఉన్నాయి.

పక్క ఫైళ్ళు లాగి చూశాడు. ప్రతి దాంట్లోనూ మూడో కాగితం, పుట్టిన రోజు తీసిన పాదముద్ర.

"బిడ్డా, ఈ ఇరవై మూడు ముద్ర ఏది?"

"ఇంక్ ఖతమ్ అయిపోయుండె కాకా," అంది సుమన వెంటనే.

"ఎప్పుడు?"

"అదే... మే బీస్ తారీఖ్."

"ఇరవై నాలుగోడు ఇరవై ఒకటిన పుట్టిండు. వానిది నిండుగ ఉన్నది. రాత్రికి రాత్రి ఇంకు ఎక్కడికెల్లొచ్చింది? లాక్‌డౌన్ల స్టేషనరీ దుకాణాలు తెరిచిండ్రా?"

సుమన ఉమాకాంత్ వైపు చూసింది.

"పిల్లను బెదిరియ్యకు," అన్నాడు ఉమాకాంత్.

"బెదిరిస్తలేను, అడుగుతున్న. ఇగో, ముద్ర లేని ఫైలు ఇంకొకటున్నది. పదిహేడు. మే పదహారున పుట్టిండు. ముప్ఫై అయిదు వారాలు. అప్పుడు సుత ఇంకు లేదా?"

సుమన ఇంకు పలకను అవతలికి జరిపింది. అంబదాస్ పదిహేడు ఫైలు మూసి పక్కన పెట్టి, తాను వచ్చిన అసలు మాట ఎత్తాడు.

"ఇంట్ల ముసలమ్మ చుక్కలు పెట్టింది. ఎనిమిది నెలలు. మీరు రాసింది తొమ్మిది. ఎనిమిది నెలలకు పుట్టినోడు జర చిన్నగనే ఉంటడు, తొమ్మిది అని రాస్తే మరీ చిన్నోడైతడు, మీ పరిశోధనకు పనికొస్తడు. మీకు పిల్లలు తక్కువ వడ్డరు. లెక్క మార్చిండ్రు. ఔనా కాదా?"

ఉమాకాంత్ నవ్వాడు. నవ్వుతూనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"శెభాష్. గింత కష్టపడి నా పనే చేసి పెట్టినవ్. సుమనా, అరికాలి సంగతి జెప్పు ఈయనకు."

సుమన పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "తొమ్మిది నెలలు నిండిన బేబీకి పూరా అరికాలు మీద గీతలుంటయి కాకా. ఎనిమిదిల పుట్టినోళ్ళకు ముందట కొన్నే. ఎడీ ప్లెయిన్ ఉంటది."

"విన్నవా? మడిమె నున్నగ," అన్నాడు ఉమాకాంత్. "నీ జేబుల ఉన్న కాగితం తీసి చూసుకో. చచ్చిపోయిన పిల్లగాని మడిమె నున్నగున్నది. అంటే ఎనిమిది నెలలోడు. నీ ముసలమ్మ ఏం జెప్పింది? ఎనిమిది. పోలీసుల ముందట ఏలిముద్ర ఏసి జెప్పింది. సరిపోయింది గదా! పోయినోడు వాళ్ళ పిల్లగాడే. ఫైలుల వారాలు తప్పు పడ్డయ్. మా సుమన తప్పు రాసింది. సారీ లెటర్ ఇస్తం. ఇగ సంతకం జేసి ఎల్లు."

ముందే టైపు చేసి ఉంచిన కాగితం బల్ల మీద జరిపాడు. రెండు యాభై.

అంబదాస్‌కి చెవులు వేడెక్కాయి. తాడు తానే తెచ్చి వాడి చేతికిచ్చాడు. పొద్దున్నుంచీ తాను మోసుకొచ్చిన ఎనిమిది చుక్కలు ఆ తల్లి నోరు మూయడానికే పనికొచ్చాయి. బట్టల మార్కెట్లోనూ ఇలాగే జరిగేది. తాను దొరకబట్టేవాడు, ఉమాకాంత్ రిపోర్టు రాసేవాడు.

కానీ హారతి ముడతలన్నది. కన్న తల్లి ఒక్క నిమిషం చూసినా తప్పు చూస్తుందా?

"సుమనా, ఆఖరు నెలసరి తారీఖు నీకెవరు చెప్పిండ్రు?"

"హారతక్క. ఫోన్ క్యాలెండర్ల చూసి చెప్పింది. ఆగస్టు బీస్."

"నీ తప్పేం లేదా?"

"రెండుసార్లు పూఛినా కాకా. సేమ్ తారీఖ్."

"సమయమైతున్నది," అన్నాడు ఉమాకాంత్ పెన్ను మూత తీసి.

అంబదాస్ పెన్ను అందుకోలేదు. వేళ్ళు మడుస్తున్నాడు. ఆగస్టు ఇరవై అంటే శ్రావణ అమావాస్య మరునాడు. ఇద్దరూ మొదలుపెట్టిన రోజు ఒక్కటే. పుట్టిన రోజూ ఒక్కటే. మరి నడుమ ఒక నెల ఎక్కడికి పోయింది? తర్వాతి అమావాస్య పెత్రమాస. ఒకటి. ఆ నాడు ఆడవాళ్ళు బమ్రోలి సందులో మాస్కులు పెట్టుకుని ఎంగిలిపూల బతుకమ్మ ఆడారు. ఏటా దసరా ముందు తొమ్మిది రోజులు వరసగా ఆడేవాళ్ళు, పోయినేడు మాత్రం ఆ ఒక్కనాడు ఆడి ఆగిపోయారు. పూలు దొరక్క కాదు, దసరాకు ఇంకా టైముందని చెప్పింది తన భార్య...

ఫోన్ తీసి నొక్కాడు. స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచాడు.

"అవ్వా, నేను అంబదాసును. పోయినేడు ఎంగిలిపూలు ఆడినంక దసరా ఎన్ని దినాలకొచ్చింది?"

"గిప్పుడు గదెందుకు బిడ్డా? నెలకు మీదనే ఆగినం. నడుమ అధిక మాసం వడ్డది గాదు?"

"ఆ అధిక మాసం అమాసకు తలుపు మీద చుక్క పెట్టినవా?"

"అయ్యో, గదెట్ల పెడ్త?" బుచ్చవ్వ గొంతులో చిరాకు. "గా నెల దేంట్లకు రాదు. పెండ్లి జెయ్యం, ఇల్లు జొరం. కడుపుల పిల్లకు గా నెల ఎంచుతరా ఎవలన్న?"

"పుట్టిన్నాటికి నీ లెక్కల ఎనిమిది. గా నెల కలిపితే?"

అవతల బుచ్చవ్వ వేళ్ళ మీద ఎంచుకుంటున్న గొణుగుడు వినపడింది.

"తొమ్మిది," అంది బుచ్చవ్వ నెమ్మదిగా. "తొమ్మిది నిండినయ్. బిడ్డా... నేను పోలీసోళ్ళకు తప్పు జెప్పిన్నా?"

"తప్పు గాదవ్వా. నువ్వు ఎంచలే. పిల్లగాడు పెరిగిండు. ఫోన్ పెట్టెయ్, మల్ల జేస్త."

అంబదాస్ జేబులోని కాగితం తీసి, మడతలు సాపు చేసి, ఉమాకాంత్ ముందు పరిచాడు.

"సుమన రాసిందే కరెక్టు. హారతి కొడుకు ముప్ఫై తొమ్మిది వారాలోడు. వాని అరికాలు నిండ గీతలుంటయి. తల్లి జూసింది. ఈ నున్నటి మడిమె ఇంకెవరి పిల్లగానిదో. మీరు పూడ్చింది ఎవర్ని, ఉమాకాంత్?"

"పంచాంగం కోర్టుల నడువది." ఉమాకాంత్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, కానీ లేచి నిలబడ్డాడు. "ముసలిదాని చుక్కలు, పురిటాలి కలలు. ఏ జడ్జి వింటడు?"

"ఇది నడుస్తది." అంబదాస్ తూనిక రిజిస్టరు తెరిచాడు. రోజూ పన్నెండు గంటలకు తూస్తారు. మిషన్ నుంచి వచ్చే చిట్టీని అలాగే పేజీ మీద అంటిస్తారు. చేతితో దిద్దే వీల్లేదు. "ఇరవై మూడు. మే ముప్ఫై ఒకటిన రెండువేల పది గ్రాములు. తెల్లారి చిట్టీ లేదు. పోయిండు గనుక. మంచిది. పదిహేడు చూడు. మే ముప్ఫై ఒకటిన వెయ్యీ ఏడు వందల తొంభై. జూన్ ఒకటిన రెండువేల ఇరవై అయిదు. ఒక్క దినంల రెండు వందల ముప్ఫై అయిదు గ్రాములు పెరిగిండు. ఏం తాపిండ్రు వానికి, సీసమా?"

"మిషన్ ఖరాబు..."

"మిగిలిన తొమ్మిది మందికి ఖరాబు కాలే. ఉమాకాంత్, మనం మార్కెట్ల బట్టల మూటలు, గంటీలు తూచినం. నిన్నటి గంటీ ఇయ్యాల బరువెక్కితే ఏమంటుంటిమి? గంటీ మారింది అంటుంటిమి. నీ రిపోర్టులల్ల నువ్వే రాసినవ్ ఆ మాట."

ఉమాకాంత్ చెయ్యి చాచి రిజిస్టరు మూశాడు. అంబదాస్ దాని మీద నుంచి చెయ్యి తీయలేదు. రెండు చేతులూ అట్ట మీదే ఉన్నాయి.

"సుమనా," అన్నాడు అంబదాస్ ఆమెను చూడకుండానే. "చిట్టీ నువ్వే అంటించినవ్. చింపెయ్యచ్చు. చింపలే. ఎందుకు?"

"చుప్ బైఠ్," అన్నాడు ఉమాకాంత్.

సుమన మాస్కు తీసేసింది. పెదవులు పగిలి ఉన్నాయి.

"పది యాభైకి పదిహేడు పోయిండు కాకా. పొడి పాల గ్రూపు. ఆ గ్రూపుల అప్పటికే ముగ్గురు పోయిండ్రు. నాలుగోది పోతే స్టడీ బంద్. కంపెనీవాలా అందరు ఆన్‌లైన్ మీటింగ్ల బేఠా ఉన్నరు. బడా డాక్టర్ వచ్చి, ఇరవై మూడు మామూలు పాలు తాగెటోడు గదా, వాళ్ళ మమ్మీ పాజిటివ్ గదా, కోవిడ్ అని రాద్దాం, నంబర్ పట్టీలు మార్చు అన్నడు. కాళ్ళ పట్టీలు నేనే కట్ చేసిన. కొత్తవి నేనే వేసిన. ఇద్దరి పుట్టిన్నాటి పాదముద్రలు ఫైళ్ళకెల్లి తీసేసిండ్రు. పదకొండు ఇరవైకి ఇరవై మూడు పోయిండని రాసిండ్రు."

"అరగంట పట్టింది," అన్నాడు అంబదాస్.

"కత్తెర రెండుసార్లు కింద పడ్డది. పన్నెండింటికి మల్ల తూచమన్నరు, తూచిన. చిట్టీ చూసిన. చింపలేకపోయిన. అదొక్కటే సచ్ మిగిలిందని..." ఆమె మాస్కును గుప్పిట్లో నలిపింది. "హారతక్క ఇంటికి నేను మూడుసార్లు పోయిన కాకా. నాకు చాయ్ పోసింది."

బతికే ఉన్నాడు. హారతి కొడుకు బతికే ఉన్నాడు. ఆ మాట అంబదాస్ గుండెలో పడి, అక్కడే బరువుగా ఆగింది. ఎందుకంటే లెక్కలో ఇంకో తల్లి ఉంది.

"పదిహేడు ఎవరి కొడుకు?"

"వినోదక్క వాళ్ళది. వాళ్ళాయన పరమేశన్న సచిన్ ఏరియాల మిల్లుల చేస్తడు. ఆమెను లోపలికి రానియ్యలే. ఇన్ని దినాలు అద్దంలకెల్లే చూసింది, టోపీ, దుప్పటే కనపడె."

"ఇప్పుడు ఆ పిల్లగాడు ఎక్కడ?"

సుమన గడియారం వైపు చూసింది. ఉమాకాంత్ కూడా చూశాడు. మూడు దాటి రెండు నిమిషాలు.

"ఈరోజు డిశ్చార్జ్. మూడింటికి. ఆస్పత్రోళ్ళే కార్ పెట్టిండ్రు. తెలంగాణల ధర్మపురి దగ్గర ఊరంట, ఘర్ దాకా దింపుతరంట."

రెండున్నర నుంచి మూడు దాకా ఎందుకు రమ్మన్నారో అంబదాస్‌కి అప్పుడు అర్థమైంది. ఫైలు చూపించడానికి కాదు, తనను పై అంతస్తులో కూర్చోబెట్టడానికి.

అతను రిజిస్టరు చంకలో పెట్టుకుని తలుపు వైపు నడిచాడు. ఉమాకాంత్ అడ్డం నిలబడ్డాడు.

"ఆలోచించు అంబదాస్. ఇద్దరు పిల్లలల్ల ఒకడు పోయిండు. ఒక తల్లి ఏడ్వక తప్పది. ఏడ్చే ఆమె ఆల్రెడీ ఏడుస్తున్నది. నువ్వు పోయి ఇంకొకామెను ఏడిపియ్యాల్నా? నీకేమొస్తది?"

అంబదాస్ రిజిస్టరును చంకలో ఇంకాస్త బిగించాడు. భుజంతో నెట్టాడు. ఉమాకాంత్ ఫైళ్ళ అరకు కొట్టుకున్నాడు. అంబదాస్ మెట్లు దిగుతుంటే పైనుంచి అరుపు వినపడింది. ఫోన్లో ఎవరికో. "గాడీ నికాల్! అభీ నికాల్!"

* * *

తెల్ల కారు స్టార్టయి ఉంది. అంబదాస్ ముందుకు పోయి బానెట్ మీద అరచేయి పెట్టాడు. డ్రైవరు హారన్ కొట్టాడు. అతను కదల్లేదు.

వెనక సీటు అద్దం కిందికి దిగింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. తల దువ్వుకుని, కొత్త చీర కట్టుకుని ఉంది. ఒళ్ళో దుప్పటి మూట. పక్కన పరమేశ్ సంచులు పట్టుకుని కూర్చున్నాడు.

"ఎవలన్నా నువ్వు? ఆస్పత్రి మనిషివా?" అన్నాడు పరమేశ్. "ఏమన్న కాగితం మర్సిపోయినమా?"

"అమ్మా, జర కారు దిగు."

"దిగుడెందుకన్నా? ఇరవై దినాలకు గిప్పుడే చేతికిచ్చిండ్రు," అంది వినోద. ఆమె మొహం మీది సంతోషానికి అంబదాస్ కళ్ళు పక్కకు తిప్పుకోవాల్సి వచ్చింది. "పాలు తాగుడు సుత ఇయ్యాల్నే నేర్సిండు. చూడు ఎట్ల వట్టుకున్నడో నా ఏలును."

మూటలోంచి ఒక చిన్న కాలు బయటికి జారింది. కొత్త పట్టీ, పదిహేడు. ఆ కింద ఎర్రటి అరికాలు. వేళ్ళ దగ్గర మొదలై మడమ చివరి దాకా గీతలే గీతలు.

వెనక మెట్ల మీద అడుగుల చప్పుడు. ఒకరివి కాదు, ముగ్గురు నలుగురివి. అంబదాస్ డ్రైవరు పక్క కిటికీలోంచి చెయ్యి దూర్చి తాళంచెవి తిప్పి లాగేశాడు. ఇంజను ఆగింది.

డ్రైవరు తిడుతున్నాడు. పరమేశ్ తలుపు తెరుచుకుని దిగుతున్నాడు. వినోద మాత్రం అంబదాస్ మొహాన్నే చూస్తోంది. ఆమె నవ్వు మెల్లగా పోయింది. పిల్లవాణ్ణి గుండెకు ఇంకాస్త అదుముకుంది.

"ఏమైందన్నా?" అంది. "నా కొడుకుకు ఏమన్న అయిందా?"

పొద్దున్నుంచీ ప్రశ్నలు వేసింది తను. అందరి దగ్గరా జవాబులు లాగింది తను. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలిసిన వాళ్ళలో చెప్పడానికి ముందుకొచ్చిన వాడూ తనొక్కడే.

"అయింది బిడ్డా," అన్నాడు అంబదాస్. "నాలుగు దినాలైంది."